పోటూ పాటూ చూసుకుని వెళ్లవలసిన ద్వీపం: నీల్‌లో మూడు రాత్రులు

విశాఖపట్నంలో కాపురం ఉంటూ, మేడ మీదికెక్కితే లాసన్స్ బే కనిపించే ఇంట్లో ఉంటూ, సముద్రం చూడడానికి వేలకు వేలు పోసి అండమాన్ దీవులకు వెళ్తున్నామంటే ఎదుటివాళ్లకు నవ్వు రావడం సహజమే. మా పక్కింటివారు నవ్వారు, మా బావగారు నవ్వారు, టికెట్లు తీసిన ట్రావెల్ ఏజెంటు కూడా ఒకసారి నవ్వి, ఆ తర్వాత తన ప్యాకేజీ కాగితం ముందు పెట్టాడు. పోర్ట్ బ్లెయిర్‌లో రెండు రాత్రులు, హావ్‌లాక్‌లో రెండు రాత్రులు, నడుమ నీల్ ద్వీపంలో మూడు గంటలు అని అందులో ఉంది. ఆ మూడు గంటలూ మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు వరకు. ఆ కాగితాన్ని మా నాన్నగారు చేతిలోకి తీసుకోకపోయి ఉంటే మేమూ అలాగే వెళ్లి, అలాగే వచ్చి ఉండేవాళ్లం.

నాన్నగారు ముప్ఫై ఏళ్లకు పైగా పోర్టులో ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఓడ ఎప్పుడు లోపలికి రావాలో, ఎప్పుడు బయటికి పోవాలో చెప్పే పట్టికను, అంటే నీరు ఒడ్డుకు ఎక్కే పోటు, వెనక్కి తగ్గే పాటు వేళలను చూడడం ఆయనకు పంచాంగం చూడడంతో సమానం. మేం నీల్ చేరేది అమావాస్య వెళ్లిన మూడో రోజున కాబట్టి, ఆ రోజు అక్కడ పాటు తెల్లవారుజామునా, మళ్లీ చీకటి పడ్డాకా వస్తుందని, మిట్టమధ్యాహ్నం నిండు పోటు ఉంటుందని ఆయన ఆ ప్రాంతపు పట్టిక తీసి చూపించారు. “ఈ కాగితంలో రాతి వంతెన చూపిస్తామన్నారు. ఆ వేళకు దాని కాళ్లన్నీ నీళ్లలోనే ఉంటాయి, దగ్గరికి పోవడం కుదరదు” అన్నారు. దాంతో ప్యాకేజీ మానేసి, విమానం, ఓడ టికెట్లు మాత్రం ఆ ఏజెంటు దగ్గరే తీసుకుని, నీల్‌లో మూడు రాత్రులు, తిరుగుదారిలో హావ్‌లాక్‌లో ఒక్క రాత్రి ఉండేలా మార్చుకున్నాం. ఈ ప్రయాణంలో మేం చేసిన తెలివైన పని ఇదొక్కటే.

ముందుగా పేర్ల సంగతి చెప్పాలి, ఎందుకంటే టికెట్ల మీద ఒక పేరు, జనం నోట మరో పేరు ఉండడంతో కొత్తవారు తికమక పడతారు. నీల్ ద్వీపానికి 2018 డిసెంబర్ 30న షహీద్ ద్వీప్ అని, హావ్‌లాక్‌కు స్వరాజ్ ద్వీప్ అని పేర్లు మార్చారు. నేతాజీ పోర్ట్ బ్లెయిర్‌లో జెండా ఎగరేసి ఆనాటికి సరిగ్గా 75 ఏళ్లు. పోర్ట్ బ్లెయిర్ కూడా 2024 సెప్టెంబర్ నుంచి శ్రీ విజయ పురం అయింది. నీల్, హావ్‌లాక్ ఇద్దరూ 1857 తిరుగుబాటును అణచిన ఆంగ్ల సేనానులు. వారిలో నీల్‌ది మద్రాసు పటాలమే. మద్రాసులో ఉన్న అతని విగ్రహాన్ని తీసేయాలని 1927లో సత్యాగ్రహం జరిగింది, 1937లో తీసేశారు. విగ్రహం పోయి ఎనభై ఏళ్లు దాటాక గాని ద్వీపం మీది పేరు పోలేదు. అయినా అక్కడి దుకాణదారులు, ఆటోవాళ్లు అందరూ నీల్ అనే అంటున్నారు కాబట్టి నేనూ ఆ మాటే వాడుతున్నాను.

పోలి పాడ్యమి తెల్లవారుజామున ఆర్కే బీచ్‌లో మా ఆవిడ అరటి దొప్పలో దీపం వదిలింది. మర్నాడు చెన్నై మీదుగా విమానంలో పోర్ట్ బ్లెయిర్ చేరాం. మన పోర్టు నుంచి అక్కడికి ప్రయాణికుల ఓడ ఉన్న మాట నిజమే గాని, అది రోజూ దొరికేది కాదు, పైగా రెండు రోజులకు పైబడిన ప్రయాణం. నాన్నగారికి దాని మీదే మనసు పడినా మాకు అన్ని సెలవులు లేవు. పోర్ట్ బ్లెయిర్‌లో ఒక రాత్రి ఉన్నాం. ఆ ఊళ్లో తెలుగువారికి పరాయితనం తోచదు. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ జనాభాలో నూటికి దాదాపు 13 మంది మాతృభాష తెలుగే, వారిలో చాలామంది మన ఉత్తరాంధ్ర నుంచి వెళ్లిన మత్స్యకార కుటుంబాలవారు. జంగ్లీఘాట్ వైపు నడుస్తుంటే వలలు బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన మా మాటలు విని తలెత్తి, “ఏటి బావూ, ఇసాపట్నమేనేటి?” అని అడిగాడు. ఆ యాస విన్నాక నాన్నగారు అరగంట దాకా అక్కడి నుంచి కదలలేదు.

మర్నాడు నీల్‌కు వెళ్లిన ప్రైవేటు ఓడ గురించి మంచిగా చెప్పడానికి నాకు పెద్దగా ఏమీ కనిపించలేదు. బయల్దేరడం నలభై నిమిషాలు ఆలస్యమైంది. ఎందుకో ఎవరూ చెప్పలేదు. లోపల అద్దాలు బిగించిన ఏసీ గదిలో బస్సు సీట్ల మాదిరి వరుసల్లో కూర్చోబెట్టి, తెర మీద పాటలు పెట్టారు. బయటికి వచ్చి గాలి పీల్చుకునే వీలు లేదు. చలికి నాన్నగారికి తువ్వాలు కప్పవలసి వచ్చింది. గంటన్నర లోపే దించారు, అంతవరకు మెచ్చుకోవచ్చు. తిరుగు ప్రయాణంలో నీల్ నుంచి హావ్‌లాక్‌కు ప్రభుత్వ ఓడలో వెళ్లాం. అందులో ద్వీపవాసులకు ప్రాధాన్యం ఉంటుంది కాబట్టి మనకు టికెట్టు దొరకడం అదృష్టం మీద ఆధారపడినా, డెక్ మీద నిలబడి, అరటి గెలల పక్కన, కూరగాయల బుట్టల పక్కన సముద్రాన్ని చూస్తూ వెళ్లడంలో ఉన్న సుఖం వేరు. నీటి మీద రాయి విసిరినట్టు ఎగిరిపోయే చేపలను నేను చూసింది ఆ ఓడ మీది నుంచే.

నీల్ చాలా చిన్నది. జనాభా 2011లో మూడు వేల పైచిలుకు. జెట్టీ దగ్గరి భరత్‌పూర్ నుంచి తూర్పు కొసన ఉన్న సీతాపూర్‌కు అయిదారు కిలోమీటర్ల రోడ్డు, అంతే. ఊళ్ల పేర్లు చాలావరకు రామాయణంలోవే: భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, రామ్‌నగర్, సీతాపూర్. 1960లలో తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ శరణార్థి కుటుంబాలకు ఇక్కడ భూములిచ్చి స్థిరపరిచారు. అడవి కొట్టి పొలాలు చేసుకున్నది వారే. అండమాన్‌కు కూరగాయలు పండించి పంపే ద్వీపంగా దీనికి పేరు. ఒక పక్క వంగ, బెండ, కాకర మళ్లు, మరో పక్క పోకచెట్లు, వాటి సందుల్లోంచి నీలం రంగు నీరు కనిపిస్తుంటే, మన పద్మనాభం వైపు పొలాలను తెచ్చి ఎవరో సముద్రం మధ్యన దించినట్టుంది. ఒడ్డున మాత్రం భీమిలి దారిలో మనకు అలవాటైన మొగలి పొదల బంధువులే కనిపిస్తాయి, కాకపోతే మనిషికి రెండింతల ఎత్తున.

మేం దిగిన బస లక్ష్మణ్‌పూర్ దారిలో ఒక బెంగాలీ కుటుంబం ఇంటి పెరట్లో కట్టిన నాలుగు గదుల్లో ఒకటి. రాత్రికి 2,200 రూపాయలు ఇచ్చాం. ఫోన్లో “సముద్రానికి ఎదురుగా” అని చెప్పిన గదికి ఎదురుగా ఉన్నవి రెండు కొబ్బరి చెట్లు, ఒక ప్రహరీ గోడ. గోడ అవతల ఇంకో హోటలు, దానికి అవతల సముద్రం. అడిగితే గృహస్థు ఏమాత్రం తడబడకుండా, రాత్రి పూట చప్పుడు వినిపిస్తుంది కదా అన్నాడు. వినిపించిన మాట నిజమే. స్నానాల గదిలో నీళ్లు ఉప్పగా ఉండి సబ్బుకు నురగ రాలేదు, రెండో రాత్రి రెండు గంటల పాటు కరెంటు పోయింది, సాయంత్రం ఒడ్డున కూర్చుంటే కంటికి కనిపించనంత చిన్న ఇసుక దోమలు కాళ్లను కుట్టి, ఆ దద్దుర్లు వైజాగ్ వచ్చాక కూడా వారం ఉన్నాయి. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, తాళం సరిగ్గా పడుతుంది, తెల్లవారుజామున నాలుగున్నరకు టీ కావాలన్నా విసుక్కోకుండా ఇచ్చారు. ఆ ధరకు నేను ఫిర్యాదు చేయను గాని, ఫోన్లో చెప్పిన మాట మాత్రం మార్చుకోవాలి.

భోజనం గురించి మాత్రం కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఆ ఇంటికి నేను మళ్లీ వెళ్తే దానికోసమే వెళ్తాను. ముందు రోజు సాయంత్రమే ఏం కావాలో చెప్పాలి. ఆ ఇల్లాలు పొద్దున జెట్టీ దగ్గర చేప తెచ్చుకుని వండుతుంది. మొదటి రోజు వంజరం, అంటే మన విశాఖ రేవులో కోనాం అనే చేప, ఆవాలు నూరి పచ్చిమిర్చితో ఉడికించి పెట్టింది. బెంగాలీ వంట మాకు ఎక్కుతుందో లేదో అన్న అనుమానం మొదటి ముద్దతోనే పోయింది. అరటికాయకు, పనసపొట్టుకు ఆవ పెట్టుకునే ఇళ్లలో పెరిగినవాళ్లకు చేపకు పెట్టిన ఆవ పరాయిదెలా అవుతుంది? నాన్నగారు రెండో రోజు చింతపండు పులుసు మీదికి మనసు పోనిచ్చారు. ఆవిడకు హిందీలో ఆ మాట చెప్పలేక మా ఆవిడే వంటింట్లోకి వెళ్లి పొయ్యి దగ్గర నిలబడింది. పెరట్లో కోసిన వంకాయలు నాలుగు అందులో పడ్డాయి. చేపల పులుసులో వంకాయేమిటని నేను అనబోయాను గాని, తిన్నాక ఆ మాట అనలేదు. పూటకు మనిషికి 250 రూపాయలు తీసుకున్నారు. పులుసు వండిన పూట లెక్కలో వేయలేదు.

ఇక ఆ రాతి వంతెన. లక్ష్మణ్‌పూర్ రెండో బీచ్‌లో ఉన్న దీన్ని అక్కడివారు హౌరా వంతెన అంటారు. కలకత్తాలోని అసలు వంతెనకు 1965 నుంచి రవీంద్ర సేతు అన్నది అధికారిక పేరైనా దాన్ని ఎవరూ అలా పిలవనట్టే, దీనికీ వాడుకలో ఈ పేరే నిలిచింది. వేల ఏళ్ల కిందటి పగడాలు గట్టిపడి సున్నపురాయిగా మారగా, అలలు దాని అడుగును తొలిచి ఈ కమాను చేశాయి. మంగమారిపేట దగ్గరి శిలాతోరణం చూసినవారికి ఆకారం కొత్తగా అనిపించదు. కొత్తగా అనిపించేది దాని కిందికి వెళ్లే దారి. మేం దిగిన రోజు మధ్యాహ్నం ఉత్సుకత కొద్దీ ఒకసారి వెళ్లి చూశాం. నాన్నగారు చెప్పినట్టే నీరు రాళ్ల దాకా నిండి ఉంది, రెండు వ్యానుల నిండా వచ్చిన యాత్రికులు దూరం నుంచే ఫోటోలు తీసుకుని, ఇంతేనా అని గొణుక్కుంటూ ఎండలో తిరిగి వెళ్తున్నారు.

మర్నాడు పొద్దున ఆరున్నరకు అదే చోటికి వెళ్తే సముద్రం వంద గజాలకు పైగా వెనక్కి జరిగి ఉంది. నిన్న నీళ్లున్న చోట ఇప్పుడు గుంతలు గుంతలుగా రాతి నేల, ఒక్కో గుంతలో చిన్న కొలను. ఆ కొలనుల దగ్గర గొంతుక్కూర్చుని చూడాలి, నిలబడి చూస్తే ఏమీ కనబడదు. మొదట ఖాళీగా అనిపించిన ఒక గుంతలో, మేం కదలకుండా రెండు నిమిషాలు కూర్చున్న తర్వాత, నల్లటి వంకాయలా పడి ఉన్నది సముద్ర దోసకాయ అని తెలిసింది. రాతి పగులులో ఊదారంగు అంచున్న పెద్ద ఆల్చిప్ప ఒకటి నోరు తెరిచి ఉండి, మా నీడ పడగానే ముడుచుకుంది. గవ్వ ఒకటి దానంతటదే నడుస్తుంటే మా ఆవిడ ఉలిక్కిపడింది. లోపల పీత ఉంది. రాళ్లు నాచుతో జారుతున్నాయి కాబట్టి నాన్నగారు గొడుగును చేతికర్ర చేసుకుని నడిచారు. వెళ్లగానే ఆయన ఒక తెల్ల రాయిని గుర్తు పెట్టుకున్నారు. నీరు తిరిగి మొదలైందని మాకు తోచకముందే, “ఆ రాయి మునిగింది, ఇక పదండి” అన్నారు. పోటు పాటుల వేళ రోజురోజుకు సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి, మీరు వెళ్లే తేదీకి లెక్క చూసుకోవడం ఎవరికైనా తేలికే. అమావాస్య, పౌర్ణమి దాపుల్లో నీరు మరీ దూరం పోతుంది. ఆ ఉదయం అక్కడ మేం కాక ఉన్నది ఒక విదేశీ జంట, ఒక కుక్క.

భరత్‌పూర్ బీచ్ తీరు దీనికి పూర్తిగా భిన్నం. పదకొండు నుంచి రెండున్నర దాకా అక్కడ జెట్ స్కీల మోత, గాజు అడుగున్న పడవల వాళ్ల కేకలు, కొబ్బరి బోండాల బేరాలు కలిసి మన రుషికొండ ఆదివారాన్ని మించి ఉన్నాయి. పొద్దున్నే వెళ్దామంటే పాటు వల్ల నీరు మోకాలి లోతు కూడా లేక పగడాల మీద నడవవలసి వస్తుంది, అది చేయకూడని పని. నీరు ఎక్కుతూ ఉన్న తొమ్మిదిన్నర, పది గంటల నడుమ స్నార్కెలింగ్‌కు, అంటే గొట్టంతో ఊపిరి పీలుస్తూ నీటి అడుగును చూడడానికి దిగితే ఇటు లోతూ ఉంటుంది, అటు జనమూ ఉండరు. మొదటి రోజు మాకు తోడు వచ్చిన కుర్రవాడు నన్ను రబ్బరు ట్యూబుకు తగిలించి లాక్కుపోతూ, అలసినప్పుడల్లా పగడాల మీద కాలు మోపి నిలబడ్డాడు. వద్దంటే, ఇక్కడివి చచ్చినవేలే అన్నాడు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు, అదే బాధ. సముద్రపు నీరు వేడెక్కి 2010లో, మళ్లీ 2016లో అండమాన్ పగడాలు తెల్లబారిపోయాయి. నేను చూసినదానిలోనూ సగానికి పైగా బూడిదరంగు గుట్టలే. రెండో రోజు వేరొకరిని కుదుర్చుకున్నాం. నడివయసు మనిషి, ఎక్కడా కాలు కింద పెట్టలేదు, చేత్తో సైగ చేసి ఒక్కొక్కటే చూపించాడు. చిలుక ముక్కులాంటి నోరున్న ఆకుపచ్చ చేప పగడాన్ని కొరుకుతుంటే ఆ కటకట శబ్దం నీళ్లలో చెవికి స్పష్టంగా వినిపించింది. అది కొరికి, అరిగించి, వెనక వదిలే పొడే ఆ తెల్ల ఇసుకలో కొంత భాగం. మన భీమిలి ఇసుకలోని నలుపు కొండరాళ్ల ఖనిజాలది, ఇక్కడి తెలుపు పగడాలది, గవ్వలది. మధ్యాహ్నం చెప్పులు లేకుండా నడిచినా అరికాలు మాడకపోవడం నాకు ఆశ్చర్యమే అయింది.

సముద్రం ఇంట్లో ఉండగా మళ్లీ సముద్రానికెందుకన్న మా బావగారికి నేను ఇచ్చుకున్న జవాబు కూడా ఇదే. మన దగ్గరిది చూసే సముద్రం. కెరటం, లాగుడు, లోతు, మునిగిపోయినవారి వార్తలు. నీల్‌లో ఒడ్డు చుట్టూ పగడపు దిబ్బ అలల దెబ్బను ముందే కాచుకుంటుంది, మట్టి తెచ్చి కలిపే పెద్ద నది ఏదీ లేదు, అందువల్ల నీరు నిలకడగా, అద్దంలా ఉంటుంది. డెబ్బైకి దగ్గరపడిన నాన్నగారు జీవితమంతా సముద్రం పక్కనే ఉద్యోగం చేసి, తల నీటి అడుగున పెట్టి కళ్లు తెరిచింది ఇక్కడే మొదటిసారి.

సాయంత్రాల గురించి వెళ్లేవారు ముందే సిద్ధపడి ఉండాలి. మన గడియారాలకు ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడ దాపుల నుంచి పోతుంది, నీల్ ఉన్నది 93 డిగ్రీల దగ్గర. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున అక్కడి సూర్యుడు మనకంటే దాదాపు నలభై నిమిషాలు ముందు ఉంటాడు. మార్గశిరంలో ఐదు కాకముందే లక్ష్మణ్‌పూర్ మొదటి బీచ్‌లో పొద్దుగూకింది. మూడు, నాలుగు గంటల ఓడలు యాత్రికులను తీసుకుపోయాక ద్వీపంలో మిగిలేది సైకిళ్ల మీద ఇళ్లకు పోయే మనుషులు, బజారులో నాలుగు దీపాలు, టీ కొట్టు దగ్గర క్యారమ్స్ ఆడే పిల్లలు. ఆరున్నరకే నడిరాత్రిలా ఉంటుంది. సినిమా లేదు, షాపింగ్ లేదు, మా ఫోన్లలో ఇంటర్నెట్ ఉన్నా లేనట్టే ఉంది. మొదటి సాయంత్రం మాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. రెండో సాయంత్రానికి, ఏడింటికి అన్నం తిని ఎనిమిదింటికి పడుకునే మా అమ్మమ్మగారి ఊరి పద్ధతి గుర్తొచ్చి, పొద్దున నాలుగున్నరకు మెలకువ దానంతటదే వచ్చింది. పిల్లలతో వెళ్లేవారు, రాత్రి పది వరకు వెలుతురూ సందడీ కావాలనేవారు హావ్‌లాక్‌లోనే ఉండడం మేలు. నేను దాన్ని తక్కువ చేయడం లేదు. అక్కడి రాధానగర్ బీచ్, మన రుషికొండ రెండూ 2020లో ఒకే జాబితాలో, శుభ్రంగా భద్రంగా ఉండే బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందాయి, రాధానగర్ ఆ గుర్తింపుకు అన్ని విధాలా తగినది. మేం అక్కడ ఉన్న ఒక్క సాయంత్రం నిల్చోవడానికి చోటు వెతుక్కోవలసి వచ్చిందన్నదే తేడా.

ఖర్చుల్లో ఒక మాట. నగదు వెంట ఉంచుకోండి, మేం ఉన్నప్పుడు ఏటీఎం రెండు రోజులు పనిచేయలేదు. స్కూటర్ రోజుకు 600, సైకిల్ 150 తీసుకున్నారు. నడుం నొప్పి లేనివారికి సైకిలే సరిపోతుంది, ఎత్తు పల్లాలు పెద్దగా లేవు. సీతాపూర్‌కు సూర్యోదయానికి వెళ్లేవారు ఐదింటికే బయల్దేరాలి, ఆ దారిలో వీధి దీపాలు తక్కువ కాబట్టి టార్చి ఉండాలి. పగడపు ముక్కలు, గవ్వలు ఏరుకుని సంచిలో వేసుకోకండి. పగడాలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది, విమానాశ్రయంలో సంచులు విప్పించి తీసేసుకుంటారు. మా ఆవిడ మొదటి రోజు ఏరిన గుప్పెడు గవ్వలను చివరి ఉదయం తిరిగి లక్ష్మణ్‌పూర్ గుంతల్లోనే వదిలేసింది. వాటిలో ఒకటి వదిలిన చోటు నుంచి నెమ్మదిగా నడిచి వెళ్లిపోయింది. మూడు రోజులు మా కిటికీ గట్టు మీద అది ప్రాణంతో ఉందని మాకు తెలియనే లేదు.

ఇంటికి వచ్చిన వారానికి ట్రావెల్ ఏజెంటు ఫోన్ చేసి, ప్రయాణం ఎలా జరిగింది, సేవలకు ఐదుకు ఎన్ని మార్కులు ఇస్తారు అని అడిగాడు. నేను లెక్కపెట్టుకుంటుండగానే నాన్నగారు ఫోన్ అందుకుని, మార్కుల సంగతి తర్వాత చూద్దాం గాని, ఇకమీదట ఆ ప్యాకేజీ కాగితం మీద తేదీ పక్కన తిథి కూడా వేయించమని చెప్పారు.